మిరపకాయ వెయ్యొద్దు

మే 27, 1959, బుధవారం

వచ్చింది. టెలివిజన్‌లో వేషం వచ్చింది. పొద్దున తొమ్మిదింటికి దోన్ నబోర్ వచ్చి చెప్పి వెళ్ళాడు. అప్పటి నుంచి ఇంట్లో నాలుగడుగులు వేస్తే రెండు నాట్యంలా పడుతున్నాయి. నలభై తొమ్మిదేళ్ళ దాన్ని, కాస్త నెమ్మదించాలి.

రాసి పెట్టుకుంటాను, లేకపోతే రేపటికి నాకే నమ్మబుద్ధి కాదు. రోజూ సాయంత్రం ఆరున్నరకి వచ్చే సీరియల్. ఒక సబ్బుల కంపెనీ సమర్పణ. పెద్ద ఎస్టేటు, అందులో పెద్ద కుటుంబం, ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళుగా తాళాల గుత్తి నడుముకి కట్టుకుని తిరిగే దాసి బ్రిహీదా. ఆ బ్రిహీదా నేనే. సోమవారం మొదలు, శుక్రవారం చావు. మేడమెట్ల మీద నుంచి పడి చస్తాను. అయిదు భాగాలు చాలు, అయిదింటిలో నేనేమిటో చూపించొచ్చు.

ముప్పై ఏళ్ళు రాణీ వేషాలు కట్టిన అంపారో లిసారాగా అంతటి నటి తాళాల గుత్తి పట్టుకోవడమా అని మా నాటకశాలలో ముక్కు విరిచేవాళ్ళు ఉండేవారు. ఇప్పుడా నాటకశాలే లేదు. మార్చిలో దాన్ని సినిమాహాలు చేసేశారు. కిరీటం నా బట్టల పెట్టెలో ఉంది, చీకట్లో పడుకుని ఉండనీ.

మా ఊళ్ళో గుల్ల అంటే రెండు. పొద్దున కాఫీలో ముంచుకునే తీపి రొట్టె ఒకటి. నాటకశాలలో వేదిక ముందంచున నబోర్ కూర్చునే గూడు ఇంకొకటి. ముప్పై ఏళ్ళు ఆయన ఆ గుల్లలోంచి తల మాత్రం పైకి పెట్టి మాకు మాటలందించాడు. ఇప్పుడు టెలివిజన్‌లోనూ అదే పని. నా పేరు చెప్పింది ఆయనే.

"డైరెక్టరుకి చెప్పాను. ఏడవమంటే ఏడుస్తుంది, చావమంటే చస్తుంది, ఆలస్యంగా మాత్రం రాదు అని," అన్నాడు.

"డైరెక్టరు ఎవరు?"

"లార్రియా అని. నీకన్నా పదిహేనేళ్ళు చిన్న. జేబులో నాలుగు పెన్సిళ్ళు పెట్టుకుంటాడు, ఒక్కదానితోనూ రాయడు. వెళ్ళగానే నమస్కారం పెట్టి, ఎక్కువ మాట్లాడకు అమ్మాయ్."

తలుపు దగ్గర చాలాసేపు గంట కొట్టాడట. పాడైనట్టుంది. మనిషిని పిలిపించాలి.

మే 29, శుక్రవారం

టెలివిజన్‌లో ఎవరూ పాఠం బట్టీ పట్టరు. ఈ వాక్యం ఇంకోసారి రాయాలనిపిస్తోంది. ఎవరూ బట్టీ పట్టరు.

చెవిలో ఒక చిన్న పరికరం పెడతారు. చూడటానికి బఠాణీ, పేరూ బఠాణీయే. దాని తీగ మెడ వెనక నుంచి కాలరులోకి దిగుతుంది. పైన అద్దాల గదిలో నబోర్ మైకు ముందు కూర్చుని అందరి మాటలూ వరుసగా చదువుతాడు. అందరి చెవుల్లోనూ అదే వినిపిస్తుంది, ఎవరి మాట వాళ్ళు అందుకుని పలుకుతారు. కూర్చో అంటే కూర్చుంటారు. కన్నీళ్ళు అంటే కన్నీళ్ళు పెడతారు.

హీరో ఓక్తావియోకి ఇరవై ఆరేళ్ళు, పలువరస మంచిది. నా చేతిలో కాగితాలు చూసి జాలిపడ్డాడు.

"గురువుగారూ, మీ రోజుల్లో ఇదంతా కంఠతా పట్టేవారట కదా. తలనొప్పి రాదూ?"

"వచ్చేది నాయనా. అందుకే తల ఉందని తెలిసేది," అన్నాను.

నవ్వాడు. మంచి పిల్లాడే.

సౌండు మనిషి నా కుడి చెవిలో బఠాణీ పెట్టాడు. కెమెరా ఎడమ నుంచి చూస్తుంది కాబట్టి అందరికీ కుడివైపే. అద్దం వెనక నబోర్ పెదవులు కదిపాడు. "వినిపిస్తోందాండీ?" అన్నాడు సౌండు మనిషి.

"గంట కొట్టినట్టు," అన్నాను.

ఏమీ వినిపించలేదు. మెషిన్ ఇంకా వేయలేదేమో.

వేసే ఉండాలి. అదే క్షణంలో పక్కన ఓక్తావియో తన బఠాణీ చెప్పినట్టు నాలుక బయటపెట్టి వేళాకోళం చేస్తున్నాడు.

సరే, ఇక్కడ ఒక్కసారి రాసేస్తే మళ్ళీ రాయనక్కర్లేదు. రెండేళ్ళ క్రితం జ్వరం వచ్చినప్పటి నుంచి కుడి చెవి కాస్త బద్ధకించింది. ఎడమది ఉంది కదా. ఎడమ చెవిలో పెట్టండి అంటే ఎందుకంటారు. చెవిలో మాట విని పలికే కొలువులో చెవిటి దాన్ని ఎవరు పెట్టుకుంటారు? సోమవారం దాకా కూడా ఆగరు. ఇది పోతే నాకు ఇంకొకటి లేదు, ఆ సంగతి నాకు తెలుసు.

అదృష్టం బాగుండి అయిదు భాగాలూ అచ్చయి చేతికొచ్చాయి. నూట పన్నెండు పేజీలు. బట్టీ పడతాను. నా మాటలూ, వాళ్ళ మాటలూ. ఎవరు ఆపగానే నేను అందుకోవాలో తెలియాలిగా.

మే 30, శనివారం

అరవై పేజీలు. పార్కులో చదువుతూ బిగ్గరగా ఏడ్చాను. బెలూన్లు అమ్మే ఆయన వచ్చి మంచినీళ్ళిచ్చాడు. మనసు గాల్లో తేలిపోతోంది.

మే 31, ఆదివారం

నూట పన్నెండు. ఓక్తావియో మాటలు ఓక్తావియో కన్నా నాకే బాగా వచ్చు.

గంట మనిషి వచ్చి చూసి, గంట బాగానే ఉందండీ అన్నాడు. అతనికేం తెలుసు.

జూన్ 1, సోమవారం

అయింది, అయింది, మొదటి భాగం అయిపోయింది.

ఇక్కడ పిలుపులు లేవు. మా దగ్గర మొదటి పిలుపు, రెండో పిలుపు, మూడో పిలుపు, మొదలెడుతున్నాం అని వినిపించేది, మూడోదానికి నా వెన్ను దానంతటదే నిటారుగా అయ్యేది. చివరి రెండేళ్ళలో మా వాళ్ళు మూడోది ఇవ్వడమే మానేశారు. క్రమశిక్షణ పోయిందంటే ఏ సంస్థైనా అలాగే మూతపడుతుంది. ఇక్కడైతే ఒకాయన చేతివేళ్ళు చూపిస్తాడు. అయిదు, నాలుగు, మూడు, తర్వాత కెమెరా మీద ఎర్ర దీపం.

ఆ దీపం వెలగగానే నాకు ఊపిరి ఆడలేదు. భయం కాదు, సంతోషం. వెయ్యి మంది ముందు చేసేటప్పుడు గొంతు విసరాలి. ఇక్కడ కనుబొమ్మ కదిపితే చాలు. ముప్పై ఏళ్ళుగా నా ముఖంలో ఇన్ని పనులు జరుగుతుంటే మూడో వరుస దాటి ఎవరూ చూడలేదన్నమాట.

మెట్ల పక్క వాటాలో ఉండే చొలే దగ్గర టెలివిజన్ పెట్టె ఉంది. మా భవనం అంతా ఆవిడ గదిలోనే చూశారట.

"వదినా, బాగా చేశావు గానీ మరీ ఇంతే ఉన్నావు," అని జానెడు చూపించింది.

"వచ్చేవారం పెరుగుతాలే," అన్నాను. శుక్రవారం చావు సంగతి చెప్పలేదు.

జూన్ 2, మంగళవారం

ఒక్క తప్పు లేదు. "మీరు బఠాణీ విని పలుకుతున్నట్టే లేదండీ," అన్నాడు లార్రియా. చెయ్యి చెవి మీదికి పోయింది. పొగడ్తేనట.

జూన్ 3, బుధవారం

ఈరోజు రిహార్సల్లో వింత. నేనూ, ఓక్తావియో, అతనికి కాబోయే భార్య వేషం వేసే మిరేయా నిలబడి ఉన్నాం. ఉన్నట్టుండి వాళ్ళిద్దరూ ఒకేసారి కాలరు పట్టుకున్నారు. పాఠంలో లేదు. నేను పైకి చూస్తే నబోర్ అద్దం వెనక నుంచి నన్నే చూస్తున్నాడు. ఎందుకు పట్టుకున్నారని అడగబోయి ఊరుకున్నాను. టెలివిజన్ వాళ్ళ అలవాట్లు వేరు. ఉక్కగా కూడా ఉంది.

ఇంకా రెండు రోజులే. మెట్ల మీద పడటం సాధన చేశాను. చొలే పరిగెత్తుకొచ్చింది.

జూన్ 4, గురువారం

అక్షరాలు ఎలా పడితే అలా పడుతున్నాయి. వరుసగా రాయాలి.

నాలుగో భాగం. పదేళ్ళకి ఇల్లు చేరిన కొడుకుగా ఓక్తావియో, చనిపోయిన తల్లి గదిలో నన్ను నిలదీస్తాడు. పేజీ ఎనభై ఏడు. "బ్రిహీదా, పదేళ్ళుగా నన్ను తినేస్తున్న మాట ఒకటుంది. నిజం చెప్పు, మా అమ్మ చివరిగా ఏమడిగింది?" అనాలి. నేను, "మీ పేరే కలవరించారు బాబూ" అని ఏడవాలి. రేపు చస్తాను కాబట్టి నాకు మిగిలిన మంచి మాట అదొక్కటే.

దీపం వెలిగింది. ఊరంతా చూస్తోంది. ఓక్తావియో నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళ నిండా నీళ్ళు, గొంతు వణుకుతోంది. అన్నాడు కదా:

"బ్రిహీదా. ఒక తోర్తా. రొట్టె మధ్యలో పంది మాంసం పెట్టి. మిరపకాయ వెయ్యొద్దు."

వెనకాల మిరేయా గుండె మీద చెయ్యి వేసుకుని, ఎంతో బాధగా, "కడుపులో మంట," అంది.

కెమెరా మనిషి భుజాలు ఎగురుతున్నాయి. లార్రియా నోరు తెరిచి ఉంది. ఓక్తావియోకి తనేమన్నాడో అప్పుడు తెలిసింది, ముఖం పాలిపోయింది.

నేనేం ఆలోచించలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"మీ అమ్మగారూ అచ్చం ఇలాగే అడిగారు బాబూ, ఆఖరి రోజున. మిరపకాయ వెయ్యొద్దు బ్రిహీదా, కడుపులో మంట, అన్నారు. మిరపకాయ నేను వెయ్యలేదు. ఆ మంట మిరపకాయది కాదు. అదేమిటో ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు."

తాళాల గుత్తి వదిలేశాను. అది నేల మీద పడిన చప్పుడు నాకు కూడా వినిపించింది. ఓక్తావియో నిజంగా ఏడ్చేశాడు, ప్రాణం లేచొచ్చి. సబ్బు ప్రకటన వచ్చింది.

తర్వాత ఏమయిందో తెలిసింది. పైన కాంటీన్ ఆవిడ తలుపు తెరిచి ఏం కావాలని అడిగిందట, నబోర్ మైకు కట్టెయ్యకుండానే చెప్పేశాడట. బఠాణీలో ఏది వినిపిస్తే అది పలకడం వాళ్ళ అలవాటు, పలికేశారు.

లార్రియా పరిగెత్తుకొచ్చాడు. "చూశారా?" అని అందరినీ కేకేశాడు. "ఈవిడ చెవిలోనూ తోర్తాయే కదా పడింది. మీరు చిలకల్లా అనేశారు. ఆవిడ దాన్ని కథలో కలిపేసింది. చెవంటే అదీ." అంటూ వేలు పెట్టి అందరికీ చూపించాడు. నా కుడి చెవిని.

నబోర్ పైనుంచి చూస్తున్నాడు. నవ్వినట్టనిపించింది. అద్దం మీద వెలుతురు పడి సరిగా కనిపించలేదు.

జూన్ 5, శుక్రవారం

చావలేదు.

రచయిత కథ తిప్పేశాడు. ఎస్టేటు అమ్మగారికి ఎవరో విషం పెట్టారు. ఆ రహస్యం తెలిసిన ఏకైక మనిషి బ్రిహీదా. మేడమెట్లు ఇంకెవరికో. అరవై భాగాలకి సంతకం పెట్టించుకున్నారు. అరవై. నెలల తరబడి. నాకో గది, తలుపు మీద నా పేరు, అద్దం చుట్టూ దీపాలు. అద్దం ముందు కూర్చుని ముఖం మీద ముడతలన్నీ ఒక్కొక్కటిగా కదిపి చూసుకున్నాను. దేనికీ వంక లేదు.

నబోర్‌ని తీసేశారు. లార్రియా నాతోనే చెప్పాడు. "ఇంత పొరపాటు జరిగాక మైకు ముందు మళ్ళీ కూర్చోనివ్వలేనండీ. పెద్దాయన, నాకూ బాధే."

"పాపం," అన్నాను.

జూన్ 6, శనివారం

బజారులో టమాటాలు ఏరుతుంటే అమ్మే ఆవిడ నా ముఖంలోకి చూసి, "మిరపకాయలు వెయ్యొద్దా అమ్మగారూ?" అంది. చుట్టూ పదిమంది మూగారు. విషం పెట్టింది ఎవరు, ఆ మరిదేనా, మా ఒక్కళ్ళకీ చెప్పండి, ఎవరికీ చెప్పం అని ప్రాణం తీశారు. వీధి మూల బండివాడు పలక మీద సున్నంతో రాశాడు: బ్రిహీదా తోర్తా, మిరపకాయ లేనిది. కొనుక్కుని తిన్నాను. చప్పగా ఉంది, అమృతంలా ఉంది.

ముప్పై ఏళ్ళలో వీధిలో నన్ను గుర్తుపట్టింది మా నాటకశాల ముందు బూట్లు తుడిచే ఆయన ఒక్కడే.

నబోర్ ఇంటికి వెళ్ళి రావాలి. ఆయన ఉండే గెర్రెరో పేట ఏమంత దూరం కాదు.

పాపం అన్నాను. అంతకన్నా ఏమనాలి? నేను తీసేయలేదు కదా.

జూన్ 7, ఆదివారం

వాన. వెళ్ళలేదు.

నాలుగింటికి వెలిసింది.

జూన్ 8, సోమవారం

రచయిత ఇప్పుడు ఏ రోజు భాగం ఆ రోజు రాస్తున్నాడు. మధ్యాహ్నం పన్నెండుకి కాగితాలు చేతికొచ్చాయి, సిరా ఇంకా తడిగానే ఉంది. ముప్పై ఒక్క పేజీలు, అన్నింటిలోనూ నేనే ఉన్నాను. ఏకైక సాక్షిని కదా. మిగతావాళ్ళు కాగితాలు పక్కన పడేసి పేకాడుకున్నారు. నేను అలంకరణ గదిలో తలుపేసుకుని చదివాను. ఆరున్నరకి ఇరవై రెండు పేజీలు వచ్చాయి.

ఇరవై మూడో పేజీలో ఓక్తావియో, "ఆ రోజు వంటింట్లోకి ఎవరొచ్చారు బ్రిహీదా?" అన్నాడు.

ఎవరొచ్చారో నాకు తెలియదు.

జపమాల తీసి ప్రార్థన మొదలుపెట్టాను. ఒకసారి పూర్తయింది. రెండోసారి మొదలుపెట్టాను. కొత్త ప్రాంప్టర్ నా మాట చదువుతూనే ఉండి ఉంటాడు. ఓక్తావియోనే జాలిపడి, "ఎవరో వచ్చారు, నీకు చెప్పడానికి భయం, కదూ?" అని తన సొంతంగా అన్నాడు. సొంతంగా. వాడి జీవితంలో మొదటిసారి. తల ఊపి కళ్ళు తుడుచుకున్నాను.

"గురువుగారూ, మీ మాట ఆయన నాలుగుసార్లు చదివాడు. నా చెవే హోరెత్తిపోయింది. మీకేమయింది?" అన్నాడు తర్వాత.

"భక్తి," అన్నాను.

లార్రియా జేబులోంచి ఒక పెన్సిలు తీసి చూసి మళ్ళీ పెట్టుకున్నాడు. రేపు ముప్పై అయిదు పేజీలట.

జూన్ 9, మంగళవారం, పొద్దున, ట్రాములో

ట్రాము కుదుపుతోంది, అయినా రాసుకోవాలి. టెలివిజన్ భవనం చేరేలోపు రాయకపోతే ధైర్యం చాలదు.

నబోర్ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో ముక్కాలిపీట మీద కూర్చుని పలహారం చేస్తున్నాడు. చిక్కుడుగింజల ముద్ద, రొట్టెలు, పక్కన చారెడు పచ్చిమిరపకాయలు. ఒకటి ఉప్పులో అద్దుకుని కరకరా కొరికాడు. ఇంకొకటి.

"మీకు కడుపులో మంట కదా?" అన్నాను.

"ఎవరికి?"

"తోర్తా రోజున..."

"అమ్మాయ్, ఎడమ పక్కకి వచ్చి కూర్చో. నీకు వినపడే వైపు."

కూర్చున్నాను.

ఆయనకి రెండేళ్ళ నుంచీ తెలుసు. జ్వరం తర్వాత ప్యుయెబ్లా పట్నంలో నాటకం ఆడాం. ఆ రోజు జలుబుతో ఆయన గొంతు పూర్తిగా పోయింది. గుల్లలో కూర్చుని రెండంకాలు ఉత్త పెదవులు కదిపాడు. మిగతా నటులు తడబడ్డారు. నేను ఒక్క మాట జారలేదు. అప్పుడు అర్థమయిందట, నేను వినడం లేదు, చూస్తున్నానని.

"అప్పటి నుంచి నీ వంతు వస్తే గొంతు వాడటం మానేశాను. దేనికి దండగ?" అన్నాడు.

"నాకు మీ గొంతు వినిపించేది. ప్రతి రోజూ వినిపించింది," అన్నాను.

"అది నీ దగ్గర పాతది మిగిలి ఉంటుంది."

"మరి మూడో పిలుపు? అది కూడా మానేశారుగా?"

నమలడం ఆపాడు. "ఎవరు మానేశారు? ఒక్క రోజు మానలేదు. నేనే ఇచ్చేవాణ్ణి, నీ కుడి పక్క తెర దగ్గర నిలబడి. తర్వాతే గుల్లలోకి దిగేవాణ్ణి."

రెండేళ్ళు. క్రమశిక్షణ పోయిందని తిట్టుకున్నాను వాళ్ళని.

ఇంక దాచలేదు ఆయన. బుధవారం రిహార్సల్లో మైకులో, "నా మాట వినిపిస్తే కాలరు పట్టుకోండి" అన్నాడట. ఇద్దరు పట్టుకున్నారు. నా బఠాణీ ఉత్తదే అని రూఢి అయింది. శుక్రవారం నా చావు.

"శుక్రవారం పోతే మళ్ళీ ఎవరు పిలుస్తారు నిన్ను? అందుకని ఓక్తావియోకి తప్పు మాట అందించాను. వాడు చిలక, పలుకుతాడు. నువ్వు వినవు కాబట్టి నవ్వు రాదు, కంగారు రాదు. వాడి నోట్లోంచి ఏది పడినా పట్టుకుంటావు. ఇరవై ఏళ్ళ కిందట కొయ్య గుర్రం విరిగిపడితే దాని మీద పద్యం చెప్పిన దానివి, తోర్తా ఒక లెక్కా?"

"కాంటీన్ ఆవిడ?"

"ఏ కాంటీన్ ఆవిడ?"

"మీ ఉద్యోగం పోతుందని తెలియదా?"

"తెలుసు. ముప్పై ఏళ్ళు ఒకళ్ళు రాసినవి ఇంకొకళ్ళకి అందించాను. నా సొంతంగా ఒక్క మాట అందించాలనిపించింది." మిరపకాయ తొడిమె విసిరేశాడు. "బాగుందా?"

"చప్పగా ఉంది," అన్నాను. అని ఏడ్చాను, జపమాల ఏడుపు కాదు. ఆయన నాకో పచ్చిమిరపకాయ ఇచ్చాడు, ఏడుపుకి కారణం ఉంటుందని.

శుక్రవారం నేను పాపం అన్నాను. శని, ఆది, సోమ, ఆయన ఈ పీట మీదే కూర్చుని ఉన్నాడు. నేను తోర్తా కొనుక్కుని తిన్నాను.

"పదండి, బట్టలు మార్చుకోండి," అన్నాను.

ఇప్పుడు నా ఎడమ పక్కన కూర్చుని కునుకు తీస్తున్నాడు. చెబుతాను. అరవై భాగాలూ పోతే పోనీ. ఇంకో రెండు స్టాపులు.

అదే రోజు, సాయంత్రం, ఎనిమిది

చెప్పేశాను. రచయిత కూడా లార్రియా గదిలోనే ఉన్నాడు, అయినా చెప్పాను.

"నా కుడి చెవి పనిచెయ్యదు. ఎడమది సగం. మీ బఠాణీలో ఒక్క మాట కూడా నేనెప్పుడూ వినలేదు. మొదటి వారం బట్టీ పట్టాను, నిన్న పట్టలేకపోయాను."

లార్రియా నా చెవినే చూశాడు. అందరికీ చూపించిన చెవి.

"మరి గురువారం తోర్తా?"

"నాకు తోర్తా వినపడలేదు. ఓక్తావియో అన్నది విన్నాను. ఎదుటి మనిషి అన్నదానికి బదులిచ్చాను. మా పని అదే."

"ఎడమ చెవిలో పెడదాం," అన్నాడు.

"అప్పుడు ఎదుటివాళ్ళ మాట వినపడదు. వినకుండా పలకమంటే నాకు చేతకాదు బాబూ."

నాలుగు పెన్సిళ్ళూ తీసి బల్ల మీద వరుసగా పెట్టాడు. రచయిత వైపు తిరిగాడు. "బ్రిహీదాని ఇవాళ చంపేస్తే?"

రచయిత బెదిరిపోయాడు. "ఎలా చంపుతానండీ? విషం పెట్టింది ఎవరో ఆవిడకొక్కదానికే తెలుసు. నాకే ఇంకా తెలీదు."

నా కడుపులో నవ్వు పొంగింది, ఆపుకున్నాను. "నా దగ్గర ఒక మనిషి ఉన్నాడు. నాకు కనిపించేలా కెమెరా కింద కూర్చుని పెదవులు కదిపితే చాలు. ముప్పై అయిదు కాదు, డెబ్భై పేజీలివ్వండి," అన్నాను.

"నబోరా? మైకు ముందు మళ్ళీ కూర్చోనివ్వనని చెప్పానుగా."

"మైకు అక్కర్లేదు."

మిరపకాయ సంగతి లార్రియాకి చెప్పలేదు. అది ఈ పుస్తకం దాటి వెళ్ళదు.

లార్రియా తల పట్టుకుని, తర్వాత పడీ పడీ నవ్వి, వడ్రంగిని పిలిచాడు. సమయం లేదు. ప్రకటన కోసం తెచ్చిన సబ్బుల చెక్కపెట్టెలు ఉంటే వాటినే రెండో కెమెరా కింద గూడులా పేర్చారు. నబోర్ వంగి లోపల దూరి కూర్చున్నాడు. ఓక్తావియో తొంగిచూసి, "ఇదేమిటి గురువుగారూ?" అన్నాడు.

"గుల్ల," అన్నాను.

"తినేదా?"

"నోర్మూసుకుని నీ బఠాణీ సర్దుకో."

నేను నా బఠాణీ తీసి సౌండు మనిషి చేతిలో పెట్టాను. మెడ తేలికయింది. ఆరు ఇరవై తొమ్మిది. పేజీలు ఒక్కసారే చదివాను, తల ఖాళీగా ఉంది, ఒళ్ళంతా పదహారేళ్ళ పిల్లలా కొట్టుకుంటోంది. వేళ్ళ మనిషి చెయ్యి ఎత్తాడు. అయిదు. నాలుగు.

అతని వైపు చూడలేదు. సబ్బుపెట్టెల మధ్య నుంచి నబోర్ ముఖం కనిపిస్తోంది, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో. ఆయన కాగితం చూడటం లేదు, నన్ను చూస్తున్నాడు. పెదవులు కదిలాయి.

మూడో పిలుపు.

వినిపించింది. ఆయన గొంతుతోనే వినిపించింది. నా వెన్ను దానంతటదే నిటారుగా అయింది.

మొదలెడుతున్నాం, అన్నాడు.